కంపైలర్ ప్రాజెక్టులో విడుదల స్థిరంగా ఉంచుతూనే బగ్‌లను త్వరగా సరిచేయడం ఎలా?

అనంతపురం, కర్నూలు ఇంజనీరింగ్ కళాశాలల్లో ఓపెన్ సోర్స్ కంపైలర్ (ప్రోగ్రామ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) పనికి పూనుకొనే విద్యార్థి బృందాలు మొదట విడుదల తేదీలను నిర్ణయించుకోవాలి. పేరున్న కంపైలర్ ప్రాజెక్టుల్లో రస్ట్ ఆరు వారాలకొకసారి, ఎల్ఎల్‌వీఎం సుమారు ఆరు నెలలకొకసారి, జీసీసీ ఏడాదికొకసారి పెద్ద విడుదల చేస్తాయి. గుంతకల్లు జంక్షన్‌లో వేళకు అందుకోలేని ప్రయాణికుడు తర్వాతి బండి ఎక్కినట్టే, సిద్ధం కాని మార్పు తర్వాతి విడుదలకు ఆగాలి.

తేదీకి కొన్ని వారాల ముందే మెయిన్ (రోజువారీ మార్పులు చేరే ప్రధాన కోడ్ శాఖ) నుంచి విడుదల బ్రాంచిని (విడుదల కోసం కేటాయించిన కోడ్ శాఖను) వేరుచేయండి. జీసీసీ విడుదల బ్రాంచిలోకి రిగ్రెషన్ల (ముందు సరిగా పనిచేసి, కొత్త మార్పులతో చెడినవాటి) సవరణలను, డాక్యుమెంటేషన్ దిద్దుబాట్లను మాత్రమే అనుమతిస్తారు; చిన్న బృందానికి ఈ నియమం మరింత అవసరం.

ఏ బగ్‌కు తొందరపడాలన్నదే అసలు చిక్కు. కంపైలర్ తానే కుప్పకూలితే వాడుకరికి వెంటనే తెలుస్తుంది. ఏ హెచ్చరికా లేకుండా తప్పుడు మెషీన్ కోడ్ తయారుచేస్తే ఆ తప్పు ఎక్కడో లెక్కల్లో బయటపడుతుంది, అప్పుడు కూడా ఎవరూ ముందుగా కంపైలర్‌ను అనుమానించరు. అందుకే ఇటువంటి బగ్‌కు తక్షణ విడుదల ఇవ్వాలి; ఎర్రర్ సందేశాల మెరుగులు, వేగం పెంచే మార్పులు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా ఆగవచ్చు.

సవరణను, ఆ బగ్‌ను పట్టుకొనే టెస్టుతో సహా, ముందు మెయిన్‌లో చేర్చి, కొన్ని రోజులు నైట్లీ బిల్డుల్లో (రోజూ రాత్రి తాజా కోడ్‌తో తయారయ్యే కూర్పుల్లో) నలగనివ్వండి. తర్వాత గిట్‌లో ఒక మార్పును వేరే బ్రాంచికి నకలు చేసే చెర్రీ-పిక్ ఆదేశంతో విడుదల బ్రాంచికి తెచ్చేటప్పుడు -x ఆప్షన్ వాడితే, మూల కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) గుర్తింపు కొత్త కమిట్ సందేశంలో నమోదవుతుంది. సవరణ పెద్దదై భయపెడుతుంటే, బగ్‌కు కారణమైన భాగాన్ని వెనక్కి తీసుకోవడమో ఆపివేయడమో మేలని నా దృఢాభిప్రాయం. 2021 మే 6న వచ్చిన రస్ట్ 1.52.0లో ఇంక్రిమెంటల్ కంపైలేషన్‌కు (మారిన భాగాలనే తిరిగి కంపైల్ చేసే పద్ధతికి) చెందిన పాత లోపాలు బయటపడినప్పుడు, నాలుగు రోజులకే వచ్చిన 1.52.1లో ఆ సదుపాయాన్నే తాత్కాలికంగా నిలిపివేశారు. తిరిగి బిల్డ్ చేయడం నెమ్మదించినా, తప్పుడు ఫలితం వచ్చే ముప్పు తప్పింది.

మీ కంపైలర్‌ను కడపలోని ఏదైనా కళాశాల ల్యాబ్‌లో వాడుతుంటే, సెమిస్టర్ మధ్యలో వారికి సవరణ విడుదలలు మాత్రమే పంపండి. గో ప్రోగ్రామింగ్ భాష బృందం ఇటీవలి రెండు పెద్ద విడుదలలకు మద్దతిస్తుంది. ముగ్గురు నలుగురున్న బృందం ఒక్క పాత బ్రాంచినే నిలబెట్టుకొని, దాని మద్దతు గడువు తేదీని ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీలో మొదటి పేరాలోనే రాయాలి.