ఇంటర్‌డిసిప్లినరీ (ఒకటికి మించి సబ్జెక్టులు కలిసిన) పీహెచ్‌డీ ప్రపోజల్ రాసే ముందు జాగ్రత్తలు

- ముందు ప్రశ్న తేల్చుకోండి. "నల్గొండలో ఫ్లోరైడ్" అనేది టాపిక్ మాత్రమే. ఊళ్లో శుద్ధి చేసిన నీళ్లున్నా ఎవరైనా బోరు నీళ్లే తాగుతుంటే, కారణమేంటి? ఇదీ ప్రశ్న. దీనికి బోరు నీటి పరీక్షా కావాలి, ఇంటింటికీ వెళ్లి అరుగు మీద కూర్చుని మాట్లాడటమూ కావాలి. ఒక్క సబ్జెక్టుతో పని జరిగిపోతుంటే మాత్రం రెండోదాన్ని దయచేసి ఇరికించకండి.
- యూజీసీ 2022 నిబంధనల ప్రకారం వేరే డిపార్ట్‌మెంట్ నుంచి కూడా, అనుమతితో, కో-సూపర్‌వైజర్‌ను, అంటే రెండో గైడ్‌ను, పెట్టుకోవచ్చు. ఇద్దరు గైడ్లనూ ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చోబెట్టండి. తర్వాత టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.
- "రిస్క్" అంటే కెమిస్ట్రీవాళ్లకొకటి, సోషియాలజీవాళ్లకొకటి. మీ అర్థమేంటో మొదటి పేజీలోనే రాయండి.
- మనుషుల వివరాలు సేకరిస్తుంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధనతో మనుషులకు హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతికి నెలలు కేటాయించండి.