శనివారం కడుపునొప్పి: పిల్లాడికి ఎవరి సాయం కావాలో తేల్చుకోవడం ఎలా

మాది సఖినేటిపల్లి దగ్గర ఊరండి. మా అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లు కావస్తోంది. పదకొండేళ్ల మనవడు నా దగ్గరే ఉంటాడు. కిందటేడు వానాకాలం నుంచి వాడికి పొద్దున్నే కడుపునొప్పి, అన్నం సయించకపోవడం. బడి ఎగ్గొట్టే వేషాలన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఇరవయ్యేడేళ్లు అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరి బరువులూ తూచినదాన్ని, మా ఇంట్లో వాడు రెండు కిలోలు తగ్గేదాకా చూసుకోలేదు. నేను తిరిగిన తిరుగుడు మీరు తిరక్కుండా రాస్తున్నాను.

మొదట ఒక నోటుపుస్తకం పెట్టండి. నొప్పి ఏ రోజు, ఎన్నింటికి, ముందురోజు రాత్రి ఏం జరిగింది, ఎన్నింటికి పడుకున్నాడు. ఒక నెల రాస్తే చాలు. నా పుస్తకంలో నొప్పులన్నీ శనివారం మీదే పడ్డాయి. సెలవైన రెండో శనివారం కూడా నొప్పే! మరి బడి మీదకి తోసెయ్యడం ఎలా? శుక్రవారం వాళ్లమ్మకి సెలవు. అక్కడ తొమ్మిదైతే మనకి పదకొండున్నర. ఆ వేళకి వీడియో కాల్ వస్తుంది, వీడు దాని కోసం మేలుకుని కూచుంటాడు.

రెండోది ఒళ్లు చూపించడం. పీహెచ్‌సీలో నులిపురుగులు, రక్తం, కళ్లు అన్నీ చూశారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే వాడు నటిస్తున్నాడని కాదు. దిగులుకి కూడా పేగులు నిజంగానే మెలిపెడతాయి. దిష్టి తీశారా అంటే తీశానండి, ఉప్పూ మిరపకాయలతో. తప్పేం లేదు గానీ దాని ఫలితం కోసం అమావాస్య దాకా ఆగి కూచోకండి.

ఇక అసలు సంగతి. వాడు ఎవరి దగ్గర, ఏ పని చేస్తూ నోరు విప్పుతాడో కనిపెట్టండి. ఎదురుగా కూచోబెట్టి "చెప్పు నాన్నా, ఏమైంది" అంటే మావాడు గోళ్లు చూసుకునేవాడు. ఓ సాయంత్రం ఇద్దరం వరండాలో చీపుళ్లకి కొబ్బరీనెలు తీస్తున్నాం. చేతులు పనిలో ఉన్నాయి, మొహాలు ఆకు మీద ఉన్నాయి. ఉన్నట్టుండి అడిగాడు.

"అమ్మమ్మా, అమ్మ వచ్చే ఏడాది వస్తానంటుంది గదా. ఏ ఏడాదికి వచ్చే ఏడాది?"

నేను మాట్లాడలేదు. ఇంకో ఆకు వాడి ముందుకి జరిపాను. ఆ తర్వాత పావుగంట వాడే చెప్పాడు. ఆర్నెల్ల కిందట అయితే "అలా అనకూడదు, నీ కోసమేగా వెళ్లింది" అని నోరు మూయించేదాన్ని. మూయించాను కూడా.

బళ్లోనూ అంతే. హెడ్‌మాస్టారికి చెప్పడం మర్యాదే గానీ, పిల్లాడికి చనువున్నవాళ్లకి చెప్పడం ఉపయోగం. మావాడికి డ్రిల్లు మాస్టారంటే ఇష్టం. నొప్పన్నప్పుడు నలుగురిలో అడక్కుండా కాసేపు ఆయన దగ్గర కూచోనివ్వండి చాలన్నాను.

ఇంట్లోవాళ్ల చెవి సరిపోనప్పుడే బయటివాళ్ల దగ్గరికి వెళ్లాలి. నేనక్కడే మోసపోయాను. టౌన్లో ఒక కౌన్సెలింగ్ సెంటర్లో నాతో అరగంట మాట్లాడారు, వాడితో అయిదు నిమిషాలు, అదీ నేను పక్కనుండగానే. ఏకాగ్రత లేదన్నారు. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ, ముందే కడితే తగ్గింపు. కువైట్ డబ్బు, సగం కట్టేశాను. తిరిగి రాలేదు.

కాబట్టి బోర్డు చూసి లోపలికి వెళ్లకండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి పైన మనసు వైద్యం చదివిన డాక్టరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందు రాయరు, మాటలతో, పరీక్షలతో చూస్తారు. వాళ్లకి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడానికి మొహమాటపడకండి. కౌన్సెలర్ అంటే మాత్రం ఏం చదివారో, ఎక్కడ చదివారో విడిగా అడిగి తీరాలి. పిల్లలతో ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు? వాడితో ఒంటరిగా మాట్లాడతారా? వాడు చెప్పినదాంట్లో నాకేం చెబుతారు, ఏం చెప్పరు? మొదటి రోజే జబ్బు పేరు పెట్టేసి డబ్బు గుంజితే లేచి వచ్చెయ్యండి. బయటికొచ్చాక పిల్లాణ్ని ఒక్కటే అడగండి, మళ్లీ వెళ్దామా అని.

ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, 2022లో పెట్టారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. నేను పశువుల పాకలోకి వెళ్లి మాట్లాడాను, వాడి చెవిన పడకూడదని. ఆ తర్వాతే అమలాపురం, యానాం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. సైకియాట్రీ ఓపీలో చీటీ రాయించుకున్నాం. పిచ్చి డాక్టరా అని బస్సులో అడిగాడు. కడుపునొప్పికి దిగులు కారణమేమో చూసే డాక్టరు అన్నాను, ఉన్నమాటే కదా. ఆయన నన్ను బయట కూచోమన్నారు. అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

మందు రాయలేదు. కాల్ ఆదివారం మధ్యాహ్నానికి మార్చమన్నారు, వచ్చే ఏడాది అనే మాట ఎత్తొద్దన్నారు. మా అమ్మాయి అగ్రిమెంటు అయిపోయే నెల పేరు చెప్పి ఏడ్చింది. వీడు ఏడవలేదు, క్యాలెండర్ అడిగాడు.

కొన్నిటికి మాత్రం ఈ వరసంతా పనికిరాదండి. చచ్చిపోతాననడం, ఒళ్లు కోసుకోవడం, రాత్రుళ్లు బొత్తిగా నిద్రపోకపోవడం కనిపిస్తే నోటుపుస్తకం పక్కన పడేసి వాణ్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫలానా మనిషిని చూస్తేనే వణికితే ఆ మనిషిని దూరం పెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. వాడి మీద ఎవరైనా చెడుగా చెయ్యేశారని తెలిస్తే పదేపదే గుచ్చి అడగకండి, పరువు అని దాచకండి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి.

మావాడికి నొప్పి పూర్తిగా పోలేదు. మొన్న శనివారం వచ్చింది. కాసేపు పడుకుని లేచి, "అమ్మమ్మా, ఈనెలు తీద్దామా" అన్నాడు. ఆకు అప్పటికింకా పచ్చిగానే ఉంది, అయినా ముందేసుకుని కూచున్నాం.