జావా 8 నుంచి 17కి మారాక కోడ్ కంపైల్ కాకపోతే

జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 17 వేసి బిల్డ్ కొట్టగానే తెర నిండా ఎర్రర్లు, అడుగున ‘100 ఎర్రర్స్’ అని లెక్క. నిన్నటిదాకా నడిచిన కోడే, ఒక్క అక్షరం మారలేదు. ముందుగా ఆ లెక్కను పట్టించుకోవడం మానండి. విడిగా చెప్పకపోతే జావా కంపైలర్ వంద ఎర్రర్లు చూపించి ఆగిపోతుంది. అసలు పన్నెండొందలున్నా వందే చూపిస్తుంది. ముప్ఫై సరిచేశాక కూడా మళ్లీ వందే కనబడి నీరసం వచ్చేది అందుకే. ‘-ఎక్స్‌మ్యాక్స్‌ఎర్స్’ ఆప్షన్‌కు 5000 ఇచ్చి, లాగ్‌ను ఫైల్లోకి మళ్లించి, పైనుంచి చదవండి. అలవాటుగా కళ్లు ‘బిల్డ్ ఫెయిల్యూర్’ అన్న అడుగు వరసకే పోతాయి, జబ్బు ఉండేది పైన. ‘కెనాట్ ఫైండ్ సింబల్’ అన్నవన్నీ పక్కన పెట్టి, ‘ప్యాకేజ్ ఫలానా డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అన్నవి మాత్రమే ఏరండి. తరచు నాలుగైదు ప్యాకేజీలకు మించి తేలవు. ఒక్క ప్యాకేజీ దొరక్కపోతే దాన్ని వాడిన ప్రతి అనోటేషన్, ప్రతి ఫీల్డ్ తలా ఒక ఎర్రర్ పుట్టిస్తుంది. తీగ పట్టుకుంటే డొంకంతా కదులుతుంది.

అసలు నడుస్తున్నది ఏ జేడీకే?

మీ బిల్డ్ సాధనం మావెన్ అయితే దాన్ని వెర్షన్ ఆప్షన్‌తో నడిపి, అందులో ‘జావా వెర్షన్’ వరస చూడండి. ‘ఇన్‌వ్యాలిడ్ టార్గెట్ రిలీజ్: 17’ అని వస్తే కోడ్ తప్పేమీ లేదు, జేడీకే ఎక్కడుందో చెప్పే జావా_హోమ్ వేరియబుల్ ఇంకా పాత జేడీకేనే చూపిస్తోంది. ఐడీఈలో (కోడ్ రాసే ఎడిటర్‌లో) కంపైల్ అయి టెర్మినల్‌లో కాకపోయినా ఇదే అనుమానించాలి. ఐడీఈకి ప్రాజెక్ట్ ఎస్‌డీకే సెట్టింగ్ వేరే ఉంటుంది, అది జావా_హోమ్‌ను అడగదు.

‘సోర్స్ ఆప్షన్ 5 ఈజ్ నో లాంగర్ సపోర్టెడ్’ అంటే మావెన్ సెట్టింగులుండే పామ్ ఫైల్లో జావా వెర్షన్ ఎక్కడా రాయలేదన్నమాట. 3.8.0 కంటే పాత మావెన్ కంపైలర్ ప్లగిన్ తనంతట తాను 1.5 అనుకుంటుంది. జేడీకే 17కి 7 కంటే తక్కువ పనికిరాదు. ప్లగిన్‌ను 3.11.0కి తెచ్చి, సోర్స్, టార్గెట్ రెండూ తీసేసి ‘రిలీజ్’ 17 అని ఒక్కటే రాయండి. జేడీకే 8 కంపైలర్‌కు ఈ రిలీజ్ ఆప్షన్ తెలియదు, కాబట్టి ఇది జేడీకే మార్చాక చేయాల్సిన మార్పు.

‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61’ అన్నదాంట్లో 61 అంటే జావా 17. (8కి 52, 11కి 55, 21కి 65.) ఆ మాట గ్రేడిల్ (మావెన్ లాంటిదే మరో బిల్డ్ సాధనం) అంటే గ్రేడిలే పాతది, జావా 17 మీద నడవాలంటే 7.3 అయినా ఉండాలి.

గెటర్లు, సెటర్ల లాంటి కోడ్‌ను తానే పుట్టించే లాంబాక్ లైబ్రరీ సంగతి ఇంకాస్త మొండిది. అది కంపైలర్ లోపలి క్లాసుల్లోకి చొరబడి పనిచేస్తుంది. జేడీకే 16 నుంచి ఆ తలుపులు మూసేశారు. అందుకే పాత లాంబాక్ ఉంటే ‘ఇల్లీగల్ యాక్సెస్ ఎర్రర్’తో కంపైలరే కూలిపోతుంది. 17కి 1.18.22, 21కి 1.18.30 కావాలి. ఇవి జేడీకే 8 మీదా పనిచేస్తాయి. కాబట్టి లాంబాక్, గ్రేడిల్, ప్లగిన్ల వెర్షన్లు పాత జేడీకే ఉండగానే పెంచి, బిల్డ్ సాఫీగా అయ్యాకే జేడీకే మార్చండి. రెండూ ఒకే కమిట్‌లో మారిస్తే తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

మాయమైన ప్యాకేజీలు

జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చేది), జాక్స్‌-డబ్ల్యూఎస్ (వెబ్ సర్వీసులకు), కోర్బా (వేరే యంత్రాల్లోని ఆబ్జెక్టులను పిలిచేందుకు), జావాఎక్స్ అనోటేషన్లను 2018 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 11లో జేడీకే నుంచి తీసేశారు. ఇప్పుడు వాటిని డిపెండెన్సీలుగా మీరే తెచ్చుకోవాలి. జాక్స్‌బీకి జకార్తా ఎక్స్‌ఎంఎల్ బైండ్ ఏపీఐ 2.3.3, దాంతోపాటు 2.3 వరసలోని జాక్స్‌బీ రన్‌టైమ్. ‘పోస్ట్‌కన్‌స్ట్రక్ట్’ లాంటివాటికి జావాఎక్స్ అనోటేషన్ ఏపీఐ 1.3.2. ఇక్కడ కొత్తదే మంచిదని జాక్స్‌బీ 4 పెడితే ఎర్రర్లు అలాగే ఉంటాయి: 3.0 నుంచి ప్యాకేజీ పేరే ‘జావాఎక్స్’ పోయి ‘జకార్తా’ అయింది. 2.3.3 డిపెండెన్సీ పేరు జకార్తా, లోపల ప్యాకేజీ మాత్రం జావాఎక్స్ కావడంతో చాలామంది ఇక్కడే సగం పూట పోగొట్టుకుంటారు.

‘సన్.మిస్క్’లోని బేస్64 ఎన్‌కోడర్‌కు బదులు ‘జావా.యుటిల్’లోని బేస్64 వాడాలి. పాతది ప్రతి 76 అక్షరాలకూ వరస తెంపేది. కొత్త మామూలు ఎన్‌కోడర్ తెంపదు. అవతలివైపు ప్రోగ్రామ్ ఆ తెంపుల మీద ఆధారపడి ఉంటే మైమ్ ఎన్‌కోడర్ తీసుకోండి. ఇలాంటి లోపలి క్లాసుల వాడకం ముందే తెలియాలంటే, పాత జార్ మీద జేడీకే 17లోని ‘జేడెప్స్’ అనే సాధనాన్ని ‘--జేడీకే-ఇంటర్నల్స్’తో నడిపితే పట్టీ వస్తుంది. కొన్నిటికి ప్రత్యామ్నాయమూ సూచిస్తుంది. వేరే దారి లేక, లోపలి ప్యాకేజీని కంపైలర్‌కు తెరిచే ‘--యాడ్-ఎక్స్‌పోర్ట్స్’ పెట్టాల్సి వస్తే ‘రిలీజ్’ తీసి సోర్స్, టార్గెట్‌కు తిరిగి వెళ్లాలి. జేడీకే ప్యాకేజీల విషయంలో ‘రిలీజ్’, ‘--యాడ్-ఎక్స్‌పోర్ట్స్’ కలిసి ఉండవు.

పేర్ల గొడవ

మీ క్లాసు పేరు అన్నీ చిన్న అక్షరాల్లో ‘రికార్డ్’ (record) అయితే దాన్ని ఆ పేరుతో ప్రకటించడమే 16 నుంచి కుదరదు, పేరు మార్చాల్సిందే. పాత లైబ్రరీలోని, పెద్ద అక్షరంతో మొదలయ్యే ‘రికార్డ్’ (Record)ను నక్షత్రం గుర్తుతో ఇంపోర్ట్ చేస్తే ‘రిఫరెన్స్ టు రికార్డ్ ఈజ్ యాంబిగ్యువస్’ అంటుంది, ఎందుకంటే ‘జావా.ల్యాంగ్’లోనూ ఆ పేరు వచ్చి కూర్చుంది. ‘మాడ్యూల్’ పేరుదీ ఇదే కథ, అది 9 నుంచి. పూర్తి పేరుతో ఇంపోర్ట్ చేస్తే తగువు తీరుతుంది. ఒంటరి అండర్‌స్కోర్‌ను వేరియబుల్ పేరుగా పెట్టడమూ 9 నుంచి చెల్లదు. ‘టుఅరే’కి నల్ పంపే టెస్టులుంటే 11 నుంచి అవి కూడా యాంబిగ్యువస్ అంటాయి, నల్ ముందు ఆబ్జెక్ట్ అరే అని క్యాస్ట్ పెడితే చాలు.

ఎర్రర్ ఒక్కటీ లేకుండా వార్నింగులతోనే బిల్డ్ ఆగితే ‘-వెర్రర్’ ఉందేమో చూడండి. ‘న్యూ ఇంటీజర్’ అన్న పాత అలవాటు 17లో తొలగింపు హెచ్చరిక తెస్తుంది, దాన్ని ఈ ఆప్షన్ ఎర్రర్ చేస్తుంది. ఆప్షన్ పీకేయకండి, ‘వాల్యూఆఫ్’ పెట్టండి.

కోడ్‌లో తెలుగు స్ట్రింగులుంటే సోర్స్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పామ్‌లో తప్పక రాయాలి. జేడీకే డిఫాల్ట్‌గా యూటీఎఫ్-8కి మారింది 18లో. 17 ఇంకా ఆపరేటింగ్ సిస్టమ్‌నే నమ్ముతుంది. విండోస్‌లో ‘అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్’ వచ్చినా, అక్షరాలు చెత్తగా మారినా కారణం ఇదే.

ఇంత చేసి కంపైల్ అయ్యాక టెస్టులు ‘ఇన్‌యాక్సెసిబుల్ ఆబ్జెక్ట్ ఎక్సెప్షన్’తో పడిపోవచ్చు. రిఫ్లెక్షన్ (నడుస్తుండగా క్లాసుల లోపలి భాగాలను అందుకునే పద్ధతి) వాడే పాత లైబ్రరీ ఏదో జేడీకే లోపలికి చేయి పెడుతోంది. 16 దాకా ఆదుకున్న ‘--ఇల్లీగల్-యాక్సెస్’ 17లో పనిచేయదు. ముందు ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ వెతకండి. దొరక్కపోతే ఎక్సెప్షన్‌లో చెప్పిన ప్యాకేజీకి మాత్రం ‘--యాడ్-ఓపెన్స్’ను, మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ ఆర్గ్‌లైన్‌లో పెట్టండి, సర్వర్ స్టార్టప్ స్క్రిప్టులోనూ పెట్టండి.