బట్టీ పిల్లలు బడికి రావాలంటే ముందు ఏం చేయాలి

ముందే బడి మాట ఎత్తకండి. చంటిపిల్లను ఎవరు ఎత్తుకుని తిరుగుతున్నారో చూడండి. ఒడిశాలోని నువాపడా, బలంగీర్ వైపు నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల్లో ఆ పని చాలాసార్లు ఎనిమిది, తొమ్మిదేళ్ల అక్కదే. తల్లిదండ్రులు అడ్వాన్స్ తీసుకుని వస్తారు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. అక్క బడికి వెళ్తే తల్లి చెయ్యి ఆగుతుంది, అప్పు తీరదు. అలాంటి తల్లికి చదువు విలువ గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే నేను అంగన్‌వాడీ నుంచి మొదలుపెడతాను. మూడేళ్లు దాటిన పిల్లలు అక్కడే కూర్చుంటారు, అక్కడే తింటారు. ఇంకా చిన్నవాళ్లకు బాలామృతం పిండి, గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి భోజనం అడగండి. టీచరమ్మ "వీళ్లు మా లిస్టులో లేరు" అంటే సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. మూడేళ్లలోపు పిల్లల్ని చూసుకునేవాళ్లు మాత్రం బట్టీలోనే కావాలి. ఓ పెద్దావిడకు కూలి, నీడకు ఒక షెడ్డు ఇమ్మని ఓనర్‌ను అడుగుతాను. ఒప్పుకోని ఓనర్లే ఎక్కువ. అయినా అడగడం మానను.

తర్వాత బియ్యం. సొంతూరి కార్డుతోనే ఇక్కడి రేషన్ షాపులో మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా తీసుకోవచ్చు, ఆధార్ లింకై ఉంటే వేలిముద్ర చాలు. కాకపోతే ఊళ్లో ఉన్న తాత మొత్తం కోటా తీసుకున్నాడా, తన వాటానే తీసుకున్నాడా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే ఒక రోజు కూలి పోగొట్టుకుని ఖాళీ సంచితో తిరిగి రావాలి.

ఇప్పుడు బడి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని, విద్యాసంవత్సరం మధ్యలో వచ్చారని అడ్మిషన్ కాదనకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. హెడ్మాస్టర్ నసిగితే గొడవ పడకండి, "కుదరదని రాసివ్వండి సార్" అని అడగండి. సాధారణంగా రాసివ్వరు, చేర్చుకుంటారు. భాష రాని పిల్లలకు తెలుగు వాచకం కంటే లెక్కలు ముందు అందుతాయి. కొన్ని జిల్లాల్లో బట్టీల దగ్గరే ఒడియాలో చెప్పే వర్క్‌సైట్ స్కూళ్లు నడిచాయి, మీ దగ్గర ఉన్నాయేమో మండల విద్యాధికారిని (ఎంఈఓ) అడగండి. పిల్లల చేత పని చేయిస్తున్నట్టు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఓనర్‌తో కూలి లెక్క తేలిన రాత్రే సొంతూరికి రైలెక్కేస్తారు కాబట్టి, ఏప్రిల్లో సెలవులిచ్చేలోపే టీసీ తీసుకోండి. పేరు, తరగతి, హాజరు ఇంగ్లీషులో కూడా రాయించండి. నువాపడాలో హెడ్మాస్టర్‌కు తెలుగు చదవడం రాదు కదా.