క్యారికేచర్ నేర్చుకుందాం – 4: వేషం తీసేస్తే మిగిలేదే పోలిక

పోయిన పాఠం చివర శంకరాభరణం సినిమాలో శంకరశాస్త్రి వేసిన జె.వి. సోమయాజులు గారి క్యారికేచర్, అంటే పోలికని సాగదీసి వేసే బొమ్మ, వెయ్యమన్నాను. ఆయనది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం, మన మనిషి, ఆ ముఖం చూడనివాళ్లు మనలో ఉండరని ఇచ్చాను. వచ్చిన బొమ్మలు చూశాక ఈసారి చెప్పాల్సిన కనుబొమల పాఠం పక్కన పెట్టేశాను. అది వచ్చేసారికి. ముందు ఈ గొడవ తేలాలి.

బొమ్మలు రెండు రకాలు. మొదటి రకంలో అన్నీ పెద్దవే. నుదురు, కళ్లు, ముక్కు, చెవులు, పెదాలు, ఏదీ వదల్లేదు. ‘కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని పెంచండి’ అని మూడో పాఠంలో రాసిన ముక్కని పట్టుకుని కనిపించినవన్నీ పెంచేశారు. టెక్కలి నుంచి ఒకాయన పైగా అడిగాడు, "ఏటి సార్, అన్నీ పెంచితే పోలిక ఇంకా పెరగాల గదా?" అని. పెరగదు బాబూ. అన్నీ ఒకే లెక్కన పెంచితే అది జెరాక్స్ మిషన్‌లో సైజు పెంచడమే, కాగితం పెద్దదవుతుంది తప్ప మనిషి మారడు.

సగటు ముఖం ఒకటి మనసులో పెట్టుకోండి. తల నిలువులో సగం దగ్గర కళ్లు. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమ దాకా ఎంతో, కనుబొమ నుంచి ముక్కు కింది దాకా అంతే, అక్కడి నుంచి గడ్డం దాకా అంతే. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు. ఈ ముఖం ఎవరిదీ కాదు, కొలబద్ద. మీరు వేసే మనిషిని దీని పక్కన నిలబెట్టి, ఎక్కడ తప్పుకున్నాడో చూసి, ఎటు తప్పుకున్నాడో అటే ఇంకొంచెం జరపాలి. 1982లో అమెరికాలోని ఎం.ఐ.టి. యూనివర్సిటీలో సుసాన్ బ్రెన్నన్ అనే ఆవిడ కంప్యూటర్ చేత క్యారికేచర్లు వేయించింది, అదీ ఇదే పద్ధతి. ముక్కు పెద్దదా చిన్నదా అని అడక్కండి, ముక్కుకీ పై పెదవికీ మధ్య జాగా కొలబద్దకన్నా ఎక్కువా తక్కువా అని అడగండి. ఇంకోటి, తలలో ఉన్న చోటు ఇంతే. నుదురు పెంచితే గడ్డం తగ్గి తీరాలి. పెంచడం అందరూ పెంచుతారు, తగ్గించడానికే ఎవరికీ చెయ్యి రాదు.

పెన్సిలు ఎలా పట్టుకోవాలో, కాగితం ఏది కొనాలో మళ్లీ అడిగారు కొందరు. ఏదో ఒకటి కొనండి. నాకైతే మెత్తగా నల్లగా పడే 4బి తప్ప వేరే పెన్సిలు పనికిరాదు, హెచ్‌బీ చూస్తే స్కూల్ లెక్కల నోట్సు గుర్తొస్తుంది. రబ్బరు మాత్రం ఇంట్లో ఎక్కడన్నా దాచేయండి.

ఇప్పుడు రెండో రకం. వీటి గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే వేసినవాళ్లు పాసైపోయాం అనుకుంటున్నారు. నుదుట బొట్టు, భుజాన కండువా, చేతిలో తంబురా, ఒకమ్మాయైతే వెనకాల గోపురం కూడా వేసింది. ఇంట్లోవాళ్లకి చూపిస్తే వెంటనే "శంకరశాస్త్రి!" అన్నారట. అంటారు మరి. ఆ కండువా, ఆ తంబురా మీ మేనమామకి ఇచ్చి కూర్చోబెట్టి బొమ్మ వేసినా అలాగే అంటారు. వాళ్లు గుర్తుపట్టింది 1980లో వచ్చిన శంకరాభరణాన్ని, సోమయాజులు గారిని కాదు. బొట్టు మీద వేలు పెట్టి మూయండి, కండువా మీద ఇంకో చెయ్యి పెట్టండి. మిగిలిన ముఖం ఎవరిది? నా దగ్గరకొచ్చిన వాటిలో చాలావరకు ఏ బ్యాంకు మేనేజర్‌దో.

అదే సోమయాజులు గారు విజయనగరంలో నాటకాలాడే రోజుల్లో కన్యాశుల్కంలో రామప్ప పంతులు వేశారు. శంకరశాస్త్రి ఎక్కడ, రామప్ప పంతులు ఎక్కడ! ఒకాయన సంగీతం తప్ప ఎరగడు, ఇంకొకాయన ఎరగని లౌక్యం లేదు. ఆ రెండు వేషాలూ కాక ఆయనకి డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఒకటి. మూడుచోట్లా ఆ తల అదే, ఆ దవడ అదే. మీరు వేయాల్సింది మూడింటిలోనూ మిగిలినదాన్ని. వేషం కావాలంటే ఆఖర్న తగిలించండి, నేనేం వద్దనను, కానీ పోలిక వచ్చాకే.

నమ్మకం కుదరకపోతే మాయాబజార్ మళ్లీ చూడండి. 1957 నాటి సినిమా. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు, తెర మీద ఉన్నది సావిత్రి. మీసం లేదు, గద లేదు, ఎస్.వి. రంగారావు గారి ఒళ్లు అసలే లేదు. అయినా ఆవిడ అడుగు వేసే తీరు, భుజాలు విరిచే తీరు చూస్తే లోపలున్నది ఎవరో చిన్నపిల్లలకీ తెలిసిపోతుంది. ‘అహ నా పెళ్లియంట’ పాటలో ఘటోత్కచుడి గొంతు మధ్యమధ్యన ఘంటసాల గారిది వస్తుంది, మిగతాది మన విజయనగరం సుశీలమ్మది. ఆ గొంతు వచ్చే చోట టీవీ మ్యూట్‌లో పెట్టి చూడండి, అప్పుడూ తెలుస్తుంది. నన్నడిగితే తెలుగులో అంతకన్నా మంచి క్యారికేచర్ కాగితం మీద కూడా రాలేదు.

సూర్యకాంతమ్మ గారి విషయమూ అంతే. అందరూ గయ్యాళి అత్త అనగానే పెద్ద బొట్టు, నోరు తెరిచిన ముఖం వేసేస్తారు. ఆ నోరు ఏ అత్తకైనా ఉంటుంది. ఆవిడ ఎడంచెయ్యి విసురుతూ మాట్లాడేది, ఆ చెయ్యి ఒక్కటి సరిగ్గా పడితే నోరు మూసే ఉంచొచ్చు. అమెరికాలో మ్యాడ్ అనే హాస్యపత్రికకి 1956 నుంచి దశాబ్దాలపాటు సినిమా పేరడీలు వేసిన మోర్ట్ డ్రకర్ చేతుల మీద పెట్టిన శ్రద్ధ చూస్తే ఇది అర్థమవుతుంది. పేరడీ అంటే ఒక్క బొమ్మ కాదు, అదే నటుణ్ణి పేజీల కొద్దీ పక్క నుంచి, కింద నుంచి, వీపు వైపు నుంచి వెయ్యాలి. అక్కడ టోపీ పెట్టి తప్పించుకోవడం కుదరదు. న్యూయార్క్ నాటకాల బొమ్మలు వేసిన అల్ హిర్ష్‌ఫెల్డ్ అయితే హాల్లో చీకట్లో, చెయ్యి జేబులో పెట్టుకునే గుర్తులు గీసుకునేవాడు. 1945లో కూతురు పుట్టాక ఆ పిల్ల పేరు, నీనా అని, బట్టల మడతల్లోనో జుట్టులోనో దాచి వేసేవాడు, ఎన్నిచోట్ల దాచాడో సంతకం పక్కన అంకె వేసేవాడు. మనవాళ్లు కొందరు ఆ దాచడం మాత్రం నేర్చుకుంటారు. అమెరికా క్యారికేచరిస్టు డేవిడ్ లెవిన్ లాగా గళ్ల గళ్ల షేడింగ్ వేస్తామని ఇద్దరు రాశారు. వద్దు. గీతలో పోలిక లేనివాడు షేడింగ్ కింద దాక్కుంటాడు.

ఇప్పటి హీరోల్ని వేస్తామనేవాళ్లకి ఒక మాట. అందరికీ ఒకటే గడ్డం, ఒకటే జుట్టు, దవడ ఎక్కడుందో వాళ్ల అమ్మకి తెలియాలి. పైగా ఫ్లెక్సీల మీద ముఖాలు నున్నగా చేసి వదులుతారు, ఆ ముఖంలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. హీరో పక్కన ఉండే కమెడియన్‌ని వెయ్యండి, హాయిగా ఉంటుంది.

ఫోన్‌లో దగ్గర్నుంచి తీసిన ఫోటో చూసి వెయ్యకండి. ముక్కు కొన కెమెరాకి అడుగు దూరంలో ఉంటే చెవి దానికి నాలుగైదు అంగుళాలు వెనకుంటుంది, అంటే దూరంలో మూడోవంతుకి పైగా తేడా. ముక్కు ఉబ్బి, చెవులు చిక్కిపోతాయి. మీరు వేసేది అప్పుడు కెమెరా చేసిన క్యారికేచర్. ఆరడుగుల దూరం నుంచి తీసుకోండి, చాలు.

అభ్యాసం. ఎస్.వి. రంగారావు గారివి నాలుగు స్టిల్స్ వెతకండి: పాతాళభైరవిలో మాంత్రికుడు (1951), మాయాబజార్‌లో ఘటోత్కచుడు, నర్తనశాలలో కీచకుడు (1963), భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు (1967). నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, కిరీటాలు, గడ్డాలు, మీసాలు అన్నీ కాగితం ముక్కలతో కప్పేసి, నాలుగింటిలోనూ మారనిది ఏమిటో వెతికి, అది మాత్రమే వాడి ఒకే బొమ్మ వెయ్యండి. మారనిది ఏమిటో నేను చెప్పను. మీసం ఉన్న బొమ్మ తీసుకోను. ఇది వారం పని, ఒక్క సాయంత్రంలో అయిపోయిందంటే సరిగ్గా చూడనట్టే లెక్క.

తీరికుంటే ఇంకోటి. విజయనగరం వాళ్లు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలస స్టేషన్‌లో ఒక గంట కూర్చుని వెనక నుంచి మనుషుల్ని గీయండి. ముఖాలు వద్దు, నడక, భుజాలు అంతే. ఎవరన్నా వచ్చి ఏం గీస్తున్నావని అడిగితే చూపించేయండి, దాచారో గొడవవుతుంది.

బొమ్మ వెనక ఏ స్టిల్‌లో ఏం చూశారో రెండు ముక్కలు రాసి పంపండి.