బింగో టికెట్టు కొనేముందు గంట లెక్క చూడండి

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో నేను పనిచేసే కేర్ హోంలో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి లాంజ్‌లో కుర్చీలు గుండ్రంగా వేసి బింగో ఆడిస్తాం. నంబర్లు పిలిచే పని నాది. ‘లెగ్స్ ఎలెవెన్’ అనగానే ఎనభై, తొంభై ఏళ్ళ పెద్దవాళ్ళు ఈల వేస్తారు. ‘టూ లిటిల్ డక్స్, ట్వెంటీ టూ’ అంటే బాతుల్లా అరుస్తారు. మొదటి వారం టికెట్టు చేతికొచ్చినప్పుడే పోల్చుకున్నాను, ఇది తెనాలిలో మా పిన్ని వాళ్ళింట్లో చింతగింజలు పెట్టి ఆడిన హౌసీయే అని. అవే మూడు వరసలు, అవే తొమ్మిది నిలువు గళ్ళు, అవే పదిహేను నంబర్లు. ముందు అయిదు నంబర్లు పడినవాళ్ళకిచ్చే జల్దీ ఫైవ్ ఇక్కడ లేదు. ఒక లైను, రెండు లైన్లు, టికెట్టంతా నిండితే ఫుల్ హౌస్, అంతే.

ఆ చనువుతోనే ఫోన్లో ఆడటం మొదలుపెట్టాను. తెలిసిన ఆటే కదా, పది పెన్నీల టికెట్టే కదా అనుకున్నాను. నాలాగే కేర్ పనుల్లో, గోడౌన్ పనుల్లో ఉన్న మన పిల్లలు చాలామంది రాత్రి షిఫ్టు బ్రేకులో ఇదే ఆడుతున్నారు. టికెట్టు ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ ఆగాలో వాళ్ళకి ఎవరూ చెప్పట్లేదు. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది వాళ్ళకి ఊరికే దొరకాలని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది బ్రిటన్‌లో ఉన్న, 18 ఏళ్ళు నిండినవాళ్ళ కోసం. ఇండియాలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణలో 2017 నుంచే, ఆంధ్రాలో 2020 నుంచే అలాంటి నిషేధం ఉంది. మా చెల్లెలు లింకు పంపమని అడిగితే పంపలేదు. మీరూ పంపకండి.

సైటు ఏదైనా సరే, టికెట్టు ధర చూడకముందే పేజీ చివరికి వెళ్ళండి. ఇక్కడ జూదాన్ని అదుపుచేసే గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్నట్టు ఒక వాక్యం, పక్కన ఒక నంబరు ఉండాలి. దాన్ని నొక్కితే కమిషన్ వాళ్ళ రిజిస్టరు తెరుచుకుంటుంది. అందులో మీరు చూస్తున్న సైటు పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడండి. కమిషన్ గుర్తు బొమ్మ మాత్రం ఉండి నొక్కితే ఎక్కడికీ పోకపోతే అక్కడితో వదిలేయండి. ‘గ్యామ్‌స్టాప్‌లో లేని సైటు’ అని గొప్పగా ప్రకటించుకునేవి కూడా అంతే. గ్యామ్‌స్టాప్ అంటే, నన్ను ఆడనివ్వకండని మనమే పేరు రాయించుకునే జాబితా. 2020 నుంచి ఇక్కడ లైసెన్సు ఉన్న ప్రతి ఆన్‌లైన్ సైటూ గ్యామ్‌స్టాప్‌లో ఉండి తీరాలి, కాబట్టి లేనిదంటే ఇక్కడి లైసెన్సు లేనిదనే అర్థం. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఖాతాకి డబ్బు కొట్టి కొనే టికెట్ల జోలికి అసలు పోకండి. ఎంత తెలిసినవాళ్ళయినా సరే, గొడవొస్తే చెప్పుకోవడానికి చోటుండదు.

ఖాతా తెరిచేటప్పుడు మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది వస్తుంది. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక చోట, బ్యాంకు కార్డు మీద ఇంకో చోట ఉంటుంది. కొందరికి కార్డు మీద ఉత్త పొడి అక్షరమే ఉంటుంది. ఆడనిచ్చే ముందే సైటు వాళ్ళు పేరు, వయసు, అడ్రసు సరిచూడాలి. నేను తొందరలో కార్డు మీద ఉన్నట్టు రాసేశాను. ఆడటం ఆడనిచ్చారు గానీ, గెలిచిన 31 పౌండ్లు తీసుకోబోతే పేరు కలవలేదని పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, మళ్ళీ ఇంకో స్టేట్‌మెంటు అడిగి తొమ్మిది రోజులు ఆపారు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. బ్యాంకులో వేరేగా ఉంటే ముందు బ్యాంకులో సరిచేయించుకోండి.

ఇప్పుడు టికెట్టు. సైటులో పెద్ద అక్షరాలతో కనిపించేది ఒక్క టికెట్టు ధర. దాన్ని చూసి ఏదీ నిర్ణయించుకోకండి. చూడాల్సింది గంటకి ఎంతవుతుందని. నేను పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది. టికెట్టు పది పెన్నీలు. ఆటకి ఇరవై నాలుగు టికెట్లు తీసుకుంటే 2 పౌండ్ల 40 పెన్నీలు. ఒక ఆట అయిదు నిమిషాల్లో అయిపోతుంది, గంటకి పన్నెండు ఆటలు. మొత్తం 28 పౌండ్ల 80 పెన్నీలు. 2026 ఏప్రిల్ నుంచి ఇక్కడ 21 ఏళ్ళు నిండినవాళ్ళ కనీస వేతనం గంటకి 12 పౌండ్ల 71 పెన్నీలు. అంటే మంచాల మీది పెద్దవాళ్ళని లేపి, స్నానం చేయించి, దుప్పట్లు మార్చి రెండు గంటలు కష్టపడితే వచ్చేది ఒక్క గంట ఆటకి చాలదు. ఈ లెక్క వేసిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పది పెన్నీలని చూసినప్పుడు నాకెప్పుడూ ఇది కనిపించలేదు.

ఎక్కువ టికెట్లు కొంటే ఎక్కువ గెలుస్తాం కదా అంటారు. నిజమే, కానీ మిగతా సగం కూడా వినండి. సైటులో ఒకే ఆట ఆడేవాళ్ళంతా చేరే చోటుని గది అంటారు. అలాంటి ఒక గదిలో ఒక ఆటకి 600 టికెట్లు అమ్ముడయ్యాయనుకోండి. పది పెన్నీల చొప్పున వసూలు 60 పౌండ్లు. అందులో బహుమతులు మొత్తం 48 పౌండ్లు అనుకుందాం, మిగతాది సైటుకి. మీవి పన్నెండు టికెట్లయితే మీ వాటా నూటికి రెండు. సగటున యాభై ఆటలకి ఒకసారి ఫుల్ హౌస్, ఒకసారి లైను, ఒకసారి రెండు లైన్లు మీకు రావాలి. యాభై ఆటలకి మీరు పెట్టింది 60 పౌండ్లు, వచ్చింది 48. ఇరవై నాలుగు టికెట్లు కొంటే ఇరవై అయిదు ఆటలకే ఒకసారి వస్తుంది, పెట్టింది మళ్ళీ 60, వచ్చింది మళ్ళీ 48. పోయేది అంతే, కాకపోతే సగం సమయంలో పోతుంది. అందుకే టికెట్లు తగ్గించుకుంటే అదే డబ్బుతో రెట్టింపు సేపు ఆడుకోవచ్చు. ఇదంతా సగటు లెక్క. ఒక రోజు వరసగా రెండు రావచ్చు, నెలంతా ఒక్కటీ రాకపోవచ్చు.

ఆరు టికెట్ల స్ట్రిప్ గురించి కూడా చెప్పాలి. ఆ ఆరింటిలో 1 నుంచి 90 దాకా ప్రతి నంబరూ ఒక్కసారి ఉంటుంది. ఏ నంబరు పిలిచినా మీ దగ్గర ఒక గడి నిండుతుంది కాబట్టి ఆడుతుంటే సరదాగా ఉంటుంది. దానివల్ల ఫుల్ హౌస్ దగ్గరవుతుందనుకుంటే పొరపాటు. నేను స్ట్రిపే కొంటాను, ఆ సరదా కోసమే. అయిదు పెన్నీల గదిలో ఒక్క స్ట్రిప్, ఆటకి 30 పెన్నీలు, గంటకి 3 పౌండ్ల 60 పెన్నీలు. వారానికి నాకిది చాలు.

ఏ గదిలో కొనాలన్నది తర్వాత సంగతి. టికెట్టు ధర పక్కనే ఎంతమంది ఆడుతున్నారో, బహుమతి ఎంతో చూపిస్తారు. బహుమతి అమ్మకాన్ని బట్టి పెరిగేదైతే జనం తక్కువున్నా ఎక్కువున్నా మీకు పెద్ద తేడా ఉండదు. ‘గ్యారంటీ’ అని ఉంటే, అంటే ఎంతమంది వచ్చినా ఇంత ఇస్తామని ముందే చెప్పినదైతే, జనం తక్కువున్న వేళ చూసుకోవడం మంచిది. నాకు రాత్రి షిఫ్టు తర్వాత పొద్దున పది గంటల ప్రాంతం కుదురుతుంది. సైటు చిన్నది కదా, పోటీ ఉండదు అనుకోవద్దు. చాలా సైట్లు ఒకే నెట్‌వర్కు గదుల్ని పంచుకుంటాయి, పేరు వేరు, లోపల గది ఒకటే. సైటు ఎంత చిన్నదన్నది వదిలేసి గదిలో కనిపించే సంఖ్యనే నమ్మండి. ఇన్ని నంబర్లలోపు ఫుల్ హౌస్ అయితే జాక్‌పాట్ అనే గదుల్లో ఆ పెద్ద అంకె దాదాపు ఎప్పుడూ వచ్చేది కాదు. దాన్ని చూసి ఖరీదైన టికెట్టు కొనకండి.

బోనస్ దగ్గర ఆగి చదవాలి. ‘పది వేయండి, ఇరవై ఇస్తాం’ అంటారు. ఆ ఇరవైని ఎన్నిసార్లు ఆడాక చేతికిస్తారన్నది కింద షరతుల్లో ఉంటుంది. పదిసార్లని ఉంటే 200 పౌండ్ల టికెట్లు ఆడాలి. నేను పైన వేసిన లెక్కే వేస్తే అందులో 40 పౌండ్లు పోతాయి, ఇచ్చింది ఇరవై. 2026 జనవరి 19 నుంచి పదిసార్ల కన్నా ఎక్కువ పెట్టకూడదని కమిషన్ నియమం తెచ్చింది. ఇది రాకముందు నేను చూసిన షరతులు ఇంతకన్నా చాలా ఘోరంగా ఉండేవి. నేనిప్పుడు బోనస్ వద్దనే గడిలోనే టిక్కు పెడతాను.

ముందే కొనిపెట్టుకునే సదుపాయం ఉంటుంది చూశారా, అది నన్ను దెబ్బతీసింది. ఒక రాత్రి బ్రేకులో ఇరవై ఆటలకి పన్నెండేసి టికెట్లు ముందే కొన్నాను. 24 పౌండ్లు. రెండో ఆటలో ఉండగా ఒక పెద్దాయన గది బెల్లు మోగింది. ఆయన కింద పడ్డారు, అంబులెన్సు పిలవాల్సి వచ్చింది. మళ్ళీ ఫోను చూసేసరికి తెల్లవారింది. నంబర్లు వాటంతటవే పడ్డాయి, గళ్ళు వాటంతటవే నిండాయి, నేను లేకుండానే ఇరవై ఆటలూ అయిపోయాయి. ఒక రెండు లైన్ల బహుమతి మాత్రం వచ్చింది, ఆరు పౌండ్లు. పోయిన డబ్బు కన్నా, ఆడని ఆటకి కట్టానన్న బాధ ఎక్కువసేపు ఉండిపోయింది. ఇప్పుడు ఏ ఆటకి ఆ ఆటే కొంటాను. ప్రతిసారీ బటను నొక్కాల్సి రావడమే మంచిది, చేతికి తెలుస్తుంది ఎన్నోసారో.

ఆట నడుస్తుంటే తెర పక్కన చిన్న చిన్న గేములు మెరుస్తూ ఉంటాయి. అవి బింగో కావు, స్లాట్లు, అంటే బటను నొక్కితే బొమ్మలు గిర్రున తిరిగి ఆగే జూదం. అలా ఒకసారి తిప్పడాన్ని స్పిన్ను అంటారు. బింగోలో పది పెన్నీల టికెట్టు అయిదు నిమిషాలు నిలబడుతుంది. స్లాటులో ఒక్క స్పిన్నుకి 5 పౌండ్ల దాకా పెట్టొచ్చు, 18 నుంచి 24 ఏళ్ళవాళ్ళయితే 2 పౌండ్ల దాకా. రెండు స్పిన్నుల మధ్య ఉండాల్సిన వ్యవధి రెండున్నర సెకన్లు. మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. ఆ కిటికీని మూసే గుర్తు ఎక్కడుందో మొదటి రోజే వెతికి మూసేయండి.

ఇంకో మాట, ‘ఒక్క నంబరే మిగిలింది’ అనే క్షణం గురించి. ఒకసారి నాకు 47 పడాలి. పడింది 74. ఒంట్లో వేడి పుట్టి, వెంటనే తర్వాతి ఆటకి రెండు స్ట్రిప్పులు కొన్నాను. పిలిచే నంబర్లకి పాత ఆట గుర్తుండదు. ఆరు టికెట్లు, పన్నెండు టికెట్లు పట్టుకున్నవాళ్ళకి ఆట చివరికొచ్చేసరికి ఒకటి రెండు నంబర్ల దూరంలో నిలబడటం మామూలే. అలా జరిగినప్పుడు ఒక ఆట కొనకుండా వదిలి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాను.

డబ్బు డెబిట్ కార్డుతో వేయండి. క్రెడిట్ కార్డుతో జూదం ఆడటం ఇక్కడ 2020 ఏప్రిల్ 14 నుంచి కుదరదు, అది మన మంచికే. వేసే ముందు డిపాజిట్ లిమిట్ పెట్టండి, అంటే ఇంతకన్నా ఎక్కువ డబ్బు వేయనివ్వని హద్దు. నాది వారానికి అయిదు పౌండ్లు. తగ్గిస్తే వెంటనే తగ్గుతుంది, పెంచాలంటే కనీసం 24 గంటలు ఆగాలి. జీతం పడే ఖాతా కార్డు కాకుండా వేరే ఖాతా కార్డు వాడండి. రేపు ఇల్లు కొనాలని మోర్ట్‌గేజ్‌కి వెళ్తే స్టేట్‌మెంట్లు అడుగుతారు, వాటిలో వారం వారం బింగో పేరుండటం ఎవరికీ మంచిది కాదు. ఏదైనా గెలిస్తే ఆ రోజే బ్యాంకుకి పంపించేయండి. దాని మీద ఇక్కడ పన్ను లేదు. సైటులో ఉన్నంతసేపు అది మీ డబ్బులా అనిపించదు.

ఊరికి పంపాల్సిన డబ్బులోంచి టికెట్టు కొన్నారా, భర్తకో భార్యకో తెలియకుండా ఆడుతున్నారా, పోయినదాన్ని రాబట్టాలని కూర్చుంటున్నారా, అప్పుడు టికెట్టు ఎంచుకోవడం గురించి నేను చెప్పినవేవీ మీకు పనికిరావు. గ్యామ్‌స్టాప్‌లో మీ పేరు రాయించుకోండి, రూపాయి ఖర్చుండదు. ఆరు నెలలు, ఏడాది, అయిదేళ్ళు, మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ గడువు తీరేదాకా మనసు మార్చుకున్నా తీసేయరు. పాత అడ్రసులు, పాత ఈమెయిళ్ళు, పాత ఫోను నంబర్లు అన్నీ ఇవ్వండి, ఒక్కటి వదిలేసినా ఆ సందులోంచి మళ్ళీ దూరతాం. చాలా బ్యాంకుల యాప్‌లో కూడా జూదం చెల్లింపుల్ని ఆపే మీట ఉంటుంది, అదీ వేయండి. మాట్లాడాలనిపిస్తే జూదం నుంచి బయటపడటానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 0808 8020 133కి ఏ వేళలోనైనా ఫోను చేయొచ్చు, డబ్బులు పడవు. మాతో పనిచేసే ఒక తమ్ముడు రాత్రి మూడింటికి మా స్టాఫ్ రూములోంచే చేశాడు. మాట్లాడినంతసేపూ నేను పక్కనే కూర్చున్నాను.