గిటార్ మీద ఫ్లూట్, వీణ పలకాలంటే గిటార్ సింథ్ ఎలా సెట్ చేసుకోవాలి?

వైజాగ్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్లుగా గిటార్ వాయిస్తున్నా, ఫ్లూట్ ఆయన రాని రోజున ఆ బిట్లు కూడా నా గిటార్ మీదే పలికిస్తా, అందుకని కుర్రాళ్లు వచ్చి అన్నా ఏ మెషిన్ కొనాలి అని అడుగుతుంటారు, మెషిన్ అంటే గిటార్ మీద మీటిన స్వరాన్ని వేరే వాద్యం శబ్దంగా పలికించే గిటార్ సింథ్. మెషిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పికప్, అంటే స్ట్రింగ్ కదలికని పట్టే సెన్సర్, సరిగ్గా కూర్చోవాలి, సౌండ్ తేడా కొడుతోంది అనేవాళ్లలో చాలామందికి ప్రాబ్లం అక్కడే ఉంటుంది.

మామూలు పికప్ ఆరు స్ట్రింగుల శబ్దాన్నీ కలిపేసి పంపిస్తుంది. సింథ్‌కి ఏ స్ట్రింగ్ మీద ఏ స్వరం పడిందో విడివిడిగా తెలియాలి, అందుకే స్ట్రింగ్‌కి ఒకటి చొప్పున సెన్సర్ ఉన్న రోలాండ్ జీకే-3 లాంటి పికప్‌ని బ్రిడ్జ్‌కి (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనుకునే పట్టీకి) వీలైనంత దగ్గరగా బిగించాలి. బాడీకి కన్నాలు పెట్టక్కర్లేదు, డబుల్ సైడ్ టేప్‌తో అంటించినా నిలబడుతుంది. ఇది స్టీల్ స్ట్రింగ్స్‌కే పనిచేస్తుంది, నైలాన్‌కి పీజో రకం కావాలి.

తర్వాత ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కిపట్టి చూడండి, స్ట్రింగ్‌కీ పికప్‌కీ మధ్య 1 మిల్లీమీటర్ సందు ఉండాలి, ఆరింటికీ చూడాలి. మన బీచ్ గాలికి స్ట్రింగ్స్ తొందరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన స్ట్రింగ్‌తో మెషిన్ స్వరాన్ని సరిగ్గా పట్టుకోలేదు, కాబట్టి వాయించిన వెంటనే పొడిగుడ్డతో తుడవండి, ప్రోగ్రాం ముందు కొత్త సెట్ వేసి శృతి చేసుకోండి.

ఇప్పుడు సెన్సిటివిటీ, అంటే మీ మీటుని మెషిన్ ఎంత సున్నితంగా పట్టుకోవాలన్నది, అసలు పని ఇదే. మెషిన్ మెనూలో ఒక్కో స్ట్రింగ్‌కి విడిగా మీటర్ ఉంటుంది. స్టేజ్ మీద ఎంత గట్టిగా మీటుతారో అంతే గట్టిగా మీటుతూ, మీటర్ పై అంచు దాకా వెళ్లకుండా కాస్త కిందే ఆగేట్టు పెట్టుకోండి. ఇంట్లో మెల్లగా మీటి సెట్ చేస్తే మండపంలో బ్యాండ్ ఊపులో పక్క స్ట్రింగ్స్ కూడా ట్రిగ్గరై పిచ్చి స్వరాలు వస్తాయి.

లావు స్ట్రింగ్ మీద సౌండ్ లేటుగా వస్తుంది, అది మీ మెషిన్ తప్పు కాదు. ఆ లావు E స్ట్రింగ్ సెకనుకి దాదాపు 82 సార్లు కదులుతుంది, అంటే ఒక్క అలకే 12 మిల్లీసెకన్లు, కనీసం ఒక అలైనా పూర్తిగా చూడకుండా స్వరం ఏంటో మెషిన్‌కి తెలియదు, సన్న E స్ట్రింగ్‌కైతే 3 మిల్లీసెకన్లు చాలు. అందుకే బేస్ బిట్ కావాలంటే పై ఆక్టేవ్‌లో (పై స్థాయిలో) వాయించి ప్యాచ్‌లో (మెషిన్‌లో ఎంచుకున్న వాద్యం సౌండ్ సెట్టింగ్‌లో) ఒక ఆక్టేవ్ కిందికి దించుకోండి, చాలా తేడా తెలుస్తుంది.

ఇక ప్యాచ్. పియానో పెట్టుకుంటే క్రొమాటిక్ సెట్టింగ్ (స్వరం జారకుండా మెట్లు మెట్లుగా మారేది) ఆన్ చేయండి, ఎందుకంటే పియానోలో స్వరం వంగదు. ఫ్లూట్, వీణలకి ఆఫ్‌లోనే ఉంచండి, జారులు గమకాలు అప్పుడే వస్తాయి. ఫ్లూట్ ప్యాచ్‌లో కార్డ్స్ (ఒకేసారి కొన్ని స్వరాలు) కొట్టొద్దు, ఒక్కో స్వరమే వాయిస్తూ ఊపిరి తీసుకునే చోట ఆగండి, ఎడమచేతి వేలు ఎత్తేటప్పుడు స్ట్రింగ్ మోగకుండా కుడి అరచేతి అంచుతో ఆపండి. అమెరికన్ జాజ్ గిటారిస్ట్ పాట్ మెథెనీ 1980లో వచ్చిన రోలాండ్ గిటార్ సింథ్ జీఆర్-300తో వాయించిన లీడ్స్ (సోలో బిట్లు) వినండి, మామూలు గిటార్ బిట్లు కావు, బూర ఊదేవాడి ఆలోచన వినిపిస్తుంది. నాకు దారి చూపించింది ఆ లీడ్సే.

స్టేజ్ మీద సింథ్ అవుట్‌పుట్‌ని గిటార్ ఆంప్‌కి ఇవ్వకండి, ఫ్లూట్ గొంతు మూసుకుపోయినట్టుంటుంది, డీఐ బాక్స్‌తో (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టెతో) నేరుగా మిక్సర్‌కి ఇవ్వండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు పికప్, మెషిన్ జత కుదురుతుందో లేదో చూసుకోవాలి. జీకే-3 పికప్, రోలాండ్ జీఆర్-55 మెషిన్ లాంటివి 13 పిన్నుల కేబుల్‌తో నడుస్తాయి, 2023లో వచ్చిన బాస్ (Boss) కంపెనీ జీఎమ్-800 మెషిన్‌కి కొత్త రకం డిజిటల్ కనెక్షన్, కన్వర్టర్ లేకుండా ఈ రెండూ కలవవు. ఆ 13 పిన్నుల కేబుల్ మామూలు షాపుల్లో అప్పటికప్పుడు దొరికేది కాదు, ఇంకోటి బ్యాగ్‌లో పెట్టుకోండి.